యుద్ధాన్ని రేవులో నిలబడి చూపించిన సినిమా

యుద్ధాన్ని నిజాయితీగా చూపించిన యానిమేషన్ సినిమా ఏదని అడిగారు. నా జవాబు 2004లో జపాన్ దర్శకుడు హయావో మియాజాకి తీసిన ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’. శాపం తగిలి ముసలమ్మగా మారిన సోఫీ అనే అమ్మాయి, నడిచే కోటలో ఉండే హౌల్ అనే మాంత్రికుడు ఉన్న జానపదం లాంటి కథ అనుకొని మా పదేళ్ల అమ్మాయితో కలిసి చూడడం మొదలుపెట్టాను.

రేవు దగ్గర చేపలు, కూరలు అమ్మే సంతలో సోఫీ బేరం చేస్తుండగా, మంటల్లో కాలుతూ ఒక యుద్ధనౌక తిరిగివస్తుంది. జనం భయపడి పారిపోరు, చూడడానికి పరుగెత్తుతారు. మా అమ్మమ్మ గుర్తొచ్చి అక్కడ సినిమా కాసేపు ఆపేశాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు మా అమ్మమ్మకు తొమ్మిదేళ్లు. చప్పుడు వినగానే ఇంటిల్లిపాదీ ఏమిటో చూద్దామని మేడెక్కారట. ఆ రాత్రే బియ్యం మూట, ఇత్తడి బిందె బండిలో వేసుకొని విజయనగరం వైపు బంధువుల ఊరికి వెళ్లిపోయారు. ఆ విమానాలు ఎవరివో, ఎందుకొచ్చాయో ఆమె ఎన్నడూ చెప్పలేదు. పొయ్యి మీద దించకుండా వదిలేసి వచ్చిన పప్పు గిన్నె గురించి మాత్రం ప్రతిసారీ చెప్పేది.

ఈ సినిమాలో యుద్ధం ఎందుకు జరుగుతోందో సరిగా చెప్పలేదని చాలామంది అంటారు. నాకది లోపంగా కనిపించదు, ఎందుకంటే బాంబులు పడే ఊళ్లో ఉన్నవాళ్లకు కారణాలు అంతకంటే స్పష్టంగా తెలియవు. పూల మైదానం మీదుగా ఒక భారీ యుద్ధవిమానం వెళ్తుంటే అది మనదా, శత్రువుదా అని సోఫీ అడుగుతుంది. ఎవరిదైతే ఏమిటన్నట్టుగా హౌల్ బదులిస్తాడు. మియాజాకి 1941లో పుట్టారు; ఆయన కుటుంబానికి యుద్ధవిమానాల విడిభాగాలు చేసే కర్మాగారం ఉండేది, 1945 జూలైలో జపాన్‌లోని ఉత్సునోమియా నగరం మీద బాంబులు పడిన రాత్రి ఆ కుటుంబమే నాలుగేళ్ల పిల్లవాడితో ఊరు విడిచి పారిపోయింది. ఇరాక్‌పై బాంబులు వేస్తున్న దేశానికి వెళ్లడం ఇష్టం లేక 2003లో తన అంతకుముందు సినిమా ‘స్పిరిటెడ్ అవే’కు వచ్చిన ఆస్కార్ అందుకోవడానికి కూడా వెళ్లలేదని ఆయనే తర్వాత చెప్పారు. డయానా విన్ జోన్స్ 1986లో రాసిన మూలనవలలో యుద్ధానికి ఇంత చోటు లేదు. దాన్ని కథ నడుమకు తెచ్చింది మియాజాకియే.

నాకు నచ్చనిది ముగింపు ఒక్కటే. ఊళ్లు కాలిపోయాక, రాజుగారి మాంత్రికురాలు ఇక యుద్ధం ఆపేద్దామని ఒక్క మాటతో తేల్చేయడం నాకు మింగుడుపడలేదు.

అన్నిటికంటే నన్ను కలచివేసినవి హౌల్ ఈకలు. ఎవరి పక్షమూ చేరకుండా రెండు సైన్యాలనూ అడ్డుకోవడానికి రాత్రిపూట పక్షిరూపంలో ఎగిరే ఆ మనిషి, ఇంటికొచ్చి పొయ్యి ముందు కుర్చీలో కూలబడి, ఒంటి మీది ఈకలను అతికష్టం మీద లోపలికి లాక్కుంటాడు. ప్రతిసారీ తిరిగి మనిషి కావడం మరింత కష్టమవుతుంది. చిన్నపిల్లలకు చూపించేవారు ఈ దృశ్యాలప్పుడు పక్కనే కూర్చోండి. మా అమ్మాయి అక్కడ నా చెయ్యి గట్టిగా పట్టుకొని, ఆయనకు నొప్పిగా ఉందా అని అడిగింది.