కొలనోస్కోపీ ముందురోజు మందు గురించి, కొత్తగా చేరిన సిస్టర్‌కు

తిరుపతి

అమ్మాయీ,

ఎండోస్కోపీ గదికి మారావని తెలిసింది. కొలనోస్కోపీకి, అంటే సన్నటి కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు, వచ్చేవాళ్లకు పేగు కడిగే మందు తాగే పద్ధతి చెప్పే పని నీకే అప్పగిస్తారు. కాగితం చేతిలో పెట్టి పంపేస్తే అయిపోయే పని అది అని చాలామంది లెక్క. కానీ పేగు శుభ్రం కాకపోతే డాక్టరు ఎంత నేర్పరి అయినా చిన్న పాలిప్, అంటే పేగు గోడ మీద మొలిచే కండ, కంటబడదు. ముఖ్యంగా కుడివైపు పెద్దపేగులో చదునుగా అతుక్కుని ఉండేవి తప్పిపోతాయి.

అన్నిటికన్నా ముందు రెండో విడత సంగతి పట్టించుకో. మన దగ్గర ఎక్కువగా రాసేది పెగ్లెక్ లాంటి పొడి. ఒక ప్యాకెట్టు 137.15 గ్రాములు, రెండు లీటర్ల నీళ్లలో కలపాలి. సాయంత్రం ఒక లీటరు, పొద్దున ఒక లీటరు. సాయంత్రం లీటరుకే నాలుగైదు మోషన్లు అయ్యేసరికి ‘కడుపు ఖాళీ అయిపోయింది, ఇంకెందుకు’ అని పొద్దునది పారబోస్తారు. రాత్రంతా చిన్నపేగు నుంచి పసరు, జిగురు దిగి కుడివైపు పేగుకు పూతలా పట్టేస్తాయని, పొద్దున లీటరు దాన్ని కడగడానికేనని చెప్పు. కారణం తెలిసినవాళ్లు పారబోయరు.

గంటలు కూడా నువ్వే లెక్కగట్టి కాగితం మీద పెద్ద అంకెల్లో రాసివ్వు. ‘పరీక్షకు అయిదు గంటల ముందు’ అంటే ఎవరూ లెక్క వేసుకోరు. పరీక్ష పది గంటలకైతే రెండో లీటరు అయిదింటికి మొదలుపెట్టి ఆరు, ఆరున్నరకల్లా ముగించాలి, ఎనిమిది తర్వాత మంచినీళ్లు కూడా వద్దు. మత్తు డాక్టరు ఇంకా ఎక్కువ గంటలు అడిగితే ఆయన మాటే చెల్లుతుంది.

కలపడంలో తప్పులు ఎక్కువ. ‘సగం ప్యాకెట్టు గ్లాసు నీళ్లలో’ కలిపేవాళ్లున్నారు. లీటరు నీళ్ల బాటిళ్లు రెండు చూపించి, మొత్తం పొడి రెండు లీటర్లలో ఒకేసారి కరిగించి, సగం ఫ్రిజ్‌లోనో చల్లటి చోటో పెట్టమను. చల్లగా ఉంటే ఆ ఉప్పు రుచి కొంత తెలియదు. పది పదిహేను నిమిషాలకొక గ్లాసు, అంటే పావు లీటరు. రుచి కోసం చక్కెర కలపనివ్వకు. పేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెడితే మండే వాయువు పుడుతుంది, కరెంటు వైరుతో పాలిప్ తీసేటప్పుడు అది ప్రమాదం. వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగి నెమ్మదిగా తాగమను. కడుపు ఉబ్బి, నొప్పి పెరిగి, వాంతులవుతూ ఒక్క మోషనూ కాకపోతే మాత్రం మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి. పేగు ఎక్కడో అడ్డుపడి ఉండొచ్చు.

ఇక తిండి. రెండు మూడు రోజుల ముందు నుంచీ పీచు, గింజలు, తొక్కలు మానాలి. మన వైపు సంగటి, ఆకుకూర, చెనక్కాయల ఊరిబిండి లేకుండా పూట గడవదు. ‘పీచు తినొద్దు’ అంటే ‘సరే’ అంటారు గానీ సంగటి అందులోకి వస్తుందని తట్టదు. పేరుపెట్టి చెప్పు: సంగటి, చెనక్కాయలు, టమోటా గింజలు, జామకాయ వద్దు. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు, గుడ్డు పర్వాలేదు. ముందురోజు మధ్యాహ్నం నుంచి వడకట్టిన ద్రవాలే: కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, అన్నం గంజి పైతేట. ఎరుపు, ఊదా రంగు డ్రింకులు వద్దు, లోపల రక్తమని పొరబడతాం.

ఇక్కడ ఒక చిక్కు. ‘ఉపవాసం’ అనే మాట వాడకు. శనివారం ఒక్కపొద్దు ఉండే ఊరు మనది. ఉపవాసమంటే వాళ్లకు పళ్లు, పాలు, సగ్గుబియ్యం. కొందరు నీళ్లు కూడా మానేసి కళ్లు తిరిగి పడిపోతారు. ఏం తాగాలో, ఏం తాగకూడదో విడమరిచే చెప్పాలి.

మాత్రలు అడక్కుండా వదలొద్దు. ఐరన్ మాత్రలు వారం ముందు ఆపాలి, మలం నల్లగా బంకలా అతుక్కుంటుంది. రక్తం పలచబరిచే మాత్ర నువ్వు ఆపించకు, వాళ్లంతట వాళ్లు ఆపకూడదు, రాసిన డాక్టరే తేల్చాలి. షుగర్ మందులు, ఇన్సులిన్ మోతాదు డాక్టరు చేత కాగితం మీద రాయించు. డాపాగ్లిఫ్లోజిన్ జాతి షుగర్ మాత్రలు వాడేవాళ్లను విడిగా గుర్తుపెట్టుకుని చెప్పు, అవి మూడు నాలుగు రోజుల ముందే ఆపాల్సి రావచ్చు. కిడ్నీ, గుండె జబ్బులుంటే పేగు కడగడానికే వాడే ఫాస్ఫేట్ ద్రావణం ఇవ్వకుండా డాక్టరుకు ముందే తెలియజెయ్యి. ఎప్పటినుంచో మలబద్ధకం ఉన్నవాళ్లకు ఒక ప్యాకెట్టు చాలకపోవచ్చు, అదీ అడిగి డాక్టరు చెవిన వెయ్యి.

మదనపల్లె, పలమనేరు నుంచి వచ్చేవాళ్లకు పొద్దున లీటరు తాగి బస్సెక్కడం కుదరదు. ముందురోజే తిరుపతికి వచ్చి, గదిలోనే బాత్రూము, నీళ్లు ఉన్న లాడ్జిలో దిగమను. తోడు ఒకరు తప్పనిసరి, మత్తు ఇచ్చాక ఆ రోజంతా బండి నడపకూడదు. మాటిమాటికీ కడుక్కోవడం వల్ల మంట పుడుతుంది, మొదటి నుంచే కొబ్బరినూనె రాసుకోమను.

అంతా చెప్పాక ‘అర్థమైందా’ అనొద్దు, అందరూ తలాడిస్తారు. ‘రేపు సాయంత్రం ఏం చేస్తావమ్మా, పొద్దున ఎన్నింటికి లేస్తావు?’ అని వాళ్ల నోటితోనే చెప్పించు. తప్పిన చోట మళ్ళీ చెప్పు. వెంట వచ్చిన కోడలో కొడుకో ఉంటే వాళ్ల చేత కూడా.

పరీక్ష రోజు బల్ల మీద పడుకోబెట్టక ముందే చివరి మోషన్ రంగు అడుగు. లేత పసుపు నీళ్లలా, అడుగు కనబడేంత తేటగా ఉండాలి. గోధుమరంగు నీళ్లో, తునకలో అంటే మత్తు ఇవ్వకముందే డాక్టరుకు చెప్పు, ఇంకొంత మందు తాగించి మధ్యాహ్నానికి మార్చే వీలుంటుంది. రిపోర్టులో పేగు ఎంత శుభ్రమైందో చెప్పే బోస్టన్ స్కోరు ఉంటే చూడు, పేగు మూడు భాగాలకు ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేస్తారు, ప్రతి భాగానికీ 2 అయినా రావాలి. కుడివైపు 1 వచ్చిన పేషెంటును పొద్దున లీటరు ఎన్నింటికి తాగారో అడుగు.

ఇట్లు,
పెద్ద సిస్టర్