మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు విశ్రాంతి శిబిరం నుంచి రాసిన ఉత్తరాల్లో ఊరి పేరు ఎందుకు ఉండదు?

సెన్సార్ నిబంధన వల్ల. ఫ్రాన్స్‌లోని బ్రిటిష్ సైనికుడు కందకాల నుంచి వెనక్కి వచ్చి విశ్రాంతి తీసుకుంటున్నా సరే, తానున్న ఊరు, దళం కదలికలు రాయకూడదు. ఉత్తరం శత్రువు చేతికి చిక్కితే ఏ దళం ఎక్కడుందో తెలిసిపోతుంది. అందుకే 'ఫ్రాన్స్‌లో ఎక్కడో' అని రాసేవారు.

మామూలు ఉత్తరాలను సొంత దళం అధికారే చదివేవాడు. భార్యకు రాసుకున్న మాటలు రోజూ ఎదురుపడే మనిషి చదువుతాడంటే ఎంత ఇబ్బంది! 1915లో వచ్చిన ఆకుపచ్చ కవరు ఆ ఇబ్బందిని కొంత తగ్గించింది. లోపల సొంత, కుటుంబ విషయాలే ఉన్నాయని సైనికుడు సంతకం చేస్తే దళంలో దాన్ని విప్పేవారు కాదు. అలాగని ఆ కవరుకు సెన్సారే లేదనుకోవడం పొరపాటు. వెనక ఉన్న స్థావరంలో దాన్నీ తెరిచి చూసే అధికారం ఉండేది.