న్యూట్రాన్ చికిత్సలో పరిశోధన చేస్తానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (ఎంపీసీ) చివరి ఏడాది చదువుతోంది. జపాన్‌లో న్యూట్రాన్లతో క్యాన్సర్ నయం చేస్తున్నారని ఎక్కడో చదివి, అందులో డోసు మెరుగుపరిచే పరిశోధన చేస్తానంటోంది. ఉద్యోగం వస్తుందా? పైగా ఆడపిల్లను రేడియేషన్ దగ్గరికి పంపాలంటే టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: ముందు టెన్షన్ సంగతి చూద్దామమ్మా. రేడియోథెరపీలో రోగికి చికిత్స నడిచేటప్పుడు సిబ్బంది మందపాటి కాంక్రీటు గోడ బయట ఉంటారు. ప్రతి ఒక్కరికీ టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తారు, ఎంత రేడియేషన్ తగిలిందో అది లెక్క చెబుతుంది. మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఆస్పత్రిలో రేడియేషన్ డోసు లెక్కలు చూసే ఫిజిసిస్టుల రీడింగు సాధారణంగా దీనికి చాలా కింద ఉంటుంది. అమ్మాయిలు చాలామందే చేస్తున్నారు.

ఇక ఆమె చదివినదాని పేరు బోరాన్ న్యూట్రాన్ క్యాప్చర్ థెరపీ, బీఎన్‌సీటీ అంటారు. బోరాన్-10 ఉన్న మందును ముందుగా నరంలోకి ఎక్కిస్తారు. కణితి దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. తర్వాత న్యూట్రాన్లు పంపితే, బోరాన్ ఒక న్యూట్రాన్‌ను మింగి ఆల్ఫా కణంగా, లిథియంగా చీలిపోతుంది. ఇవి 10 మైక్రాన్లు (మిల్లీమీటరులో నూరో వంతు) కూడా పోలేవు, అంటే దెబ్బ దాదాపు ఆ ఒక్క క్యాన్సర్ కణానికే. ఆలోచన 1936 నాటిది. 1950ల్లో అమెరికాలో చేసిన తొలి ప్రయత్నాలు నిరాశే మిగిల్చాయి. తల, మెడ క్యాన్సర్లకు యాక్సిలరేటర్ (కణాల వేగం పెంచే యంత్రం)తో చేసే పద్ధతికి జపాన్ 2020 మార్చిలో అనుమతి ఇచ్చింది.

మరి డోసు దగ్గర ఏమిటి కష్టం? మామూలు రేడియోథెరపీ యంత్రం లీనాక్‌లో ఎంత డోసు ఇస్తున్నామో నీళ్ల తొట్టెలో కొలిచి చూసుకోవచ్చు. ఇక్కడ నాలుగు రకాల డోసు కలిసి వస్తుంది: బోరాన్ నుంచి, ఒంట్లోని నైట్రోజన్ నుంచి, హైడ్రోజన్ వదిలే గామా నుంచి, వేగం తగ్గకుండా మిగిలిన న్యూట్రాన్ల నుంచి. దేనికదే విడిగా లెక్కగట్టాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు బోరాన్‌దే. రక్తం తీసి చూస్తే బోరాన్ 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో 20) వచ్చిందనుకోండి. కణితిలో మూడున్నర రెట్లు ఉంటుందని లెక్కేసి 70 రాసుకుంటారు. ఈ రోగి కణితి మాత్రం రెండు రెట్లే తీసుకుంది, అంటే 40. బోరాన్ డోసు నూటికి 43 వంతులు పడిపోయినట్టే, ప్లాన్ కాగితం మీద మాత్రం 70 అలాగే ఉంటుంది. న్యూట్రాన్ల బీమ్‌ను (పుంజాన్ని) ఎంత బాగా మలిచినా ఈ తప్పు పోదు. అందుకే నన్నడిగితే బీమ్ డిజైన్ కంటే, కణితిలో బోరాన్ ఎంతుందో చికిత్స సమయంలోనే తెలుసుకునే పని మీద అమ్మాయి దృష్టి పెట్టడం మేలు. ఫిజిక్స్ వాళ్లు చేయదగ్గ పని అక్కడ చాలా ఉంది.

ఉద్యోగం మాటకొస్తే, మన దేశంలో బీఎన్‌సీటీ ఇంకా మామూలు వైద్యంగా అందుబాటులో లేదు. కాబట్టి దాన్నే నమ్ముకుని చదవమని నేను చెప్పను. ముందు మెడికల్ ఫిజిసిస్ట్ అవ్వాలి, అప్పుడు కడుపు నిండుతుంది, పరిశోధన తలుపూ తెరిచే ఉంటుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి ముంబైలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)లో ఏడాది డిప్లొమా (రేడియలాజికల్ ఫిజిక్స్) చేయడం ఒక దారి, అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ గుర్తించిన ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ ఇంకో దారి. చెన్నైలో అన్నా యూనివర్సిటీలో ఆ కోర్సు ఉంది. ఏ దారైనా ఆస్పత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. నా దగ్గరికి వచ్చిన ఓ అబ్బాయి, పేరులో రేడియేషన్ అని ఉంది కదా అని ఓ ప్రైవేటు కాలేజీలో లక్షలు కట్టి చేరాడు. రెండేళ్లయ్యాక తెలిసింది, అది ఏఈఆర్‌బీ గుర్తింపు జాబితాలో లేదని. ఫీజు కట్టేముందే జాబితా చూసుకోండి. రేడియోథెరపీ టెక్నాలజీ బీఎస్సీ టెక్నాలజిస్ట్ కోర్సు, ఫిజిసిస్ట్ కోర్సు కాదు. రెండూ ఒకటేననుకునేవాళ్లు ఎందరో.

తర్వాత పీహెచ్‌డీకి జపాన్‌లో క్యోటో, సుకుబా యూనివర్సిటీలు, ఇటలీలో పావియా, తైవాన్‌లో సింగ్‌హువా ఉన్నాయి. ఇక్కడే ఉంటానంటే చెన్నై, నవీ ముంబైలలో ప్రోటాన్ థెరపీ కేంద్రాలున్నాయి. అన్నట్టు, బోరాన్-10ను వేరు చేసే ప్లాంటు మన మణుగూరులోనే ఉంది, కాకపోతే అది రియాక్టర్ల కోసం. అమ్మాయికి చెప్పండి, సంతోషిస్తుంది.

ఇప్పటినుంచే చేయగలిగిన పని కూడా ఉంది. రేడియేషన్ కణాలు ఎలా ప్రయాణిస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టే జియాంట్4 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, అందులో ఒక నీళ్ల సిలిండర్ నమూనా పెట్టి అందులో బోరాన్ 40 పీపీఎం, ఆపై 70 పీపీఎం వేసి డోసు ఎలా మారుతుందో చూడమనండి. సీ++ అనే ప్రోగ్రామింగ్ భాష కొంచెం రావాలి. సెలవుల్లో దగ్గర్లోని క్యాన్సర్ ఆస్పత్రి ఫిజిసిస్ట్‌ని అడిగి, ఒక్క పూట పక్కన కూర్చోమనండి. మొదటి పేషెంట్ రాకముందు మెషీన్ ఇస్తున్న డోసు కొలవడం, గది ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి చూసి ఆ రీడింగు సరిచేయడం, రిజిస్టర్‌లో రాయడం, రోజూ ఇదే పని. అది చూసి విసుక్కుంటే ఎమ్మెస్సీలో వేరే స్పెషలైజేషన్ తీసుకోవచ్చు. రెండో రోజు కూడా వెళ్తానంటే బార్క్ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి.