క్యాసెట్ కొనే ముందు హబ్‌ను చూడు

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. పాత సైకిలు మీద మనసు పడి దానికి కొత్త క్యాసెట్, అంటే వెనక చక్రం మీద కూర్చునే గేరు పళ్ల చక్రాల గుత్తి, వేయాలనుకోవడం చూస్తే ముచ్చటేసింది. ఏది కొనమంటావు మామయ్యా అని అడిగావు. నేను చెప్పలేను తల్లీ. అది చెప్పవలసింది నీ వెనక చక్రం నడుమ ఉన్న హబ్. దాన్ని అడగకుండా కొన్న క్యాసెట్లు నా అటక మీద రెండు పడి ఉన్నాయి.

ముందు చక్రం ఊడదీసి ఒళ్లో పెట్టుకో. పళ్ల చక్రాల గుత్తిని వెనక్కి తిప్పుతూ చిన్న చక్రం లోపలి అంచు చూడు. అక్కడ పనిముట్టు దూరడానికి చిన్న చిన్న గాట్లుంటాయి. గుత్తితో పాటు ఆ గాట్లూ తిరిగితే నీది క్యాసెట్. గుత్తి గిరగిరా తిరుగుతున్నా గాట్లు కదలకుండా నిలబడితే అది క్యాసెట్ కాదు, ఫ్రీవీల్. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, అందుకే ఇంత గొడవ.

ఫ్రీవీల్ అయితే క్యాసెట్ మాట మరచిపో. అది హబ్ మీద మరతో బిగుసుకునే సరుకు. క్యాసెట్ దాని మీద కూర్చోదు. మరో ఫ్రీవీల్ కొనుక్కో, చాలా హబ్‌లకు మర కొలత ఒకటే కనుక దొరుకుతుంది. కష్టమంతా పాతది ఊడదీయడంలోనే ఉంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుస్తుంది, ఏళ్ల తరబడి తొక్కిన బలమంతా ఆ మరలో కూరుకుపోయి ఉంటుంది. దాని గాట్లకు సరిగ్గా సరిపోయే పనిముట్టే తెచ్చుకో. రెండు గాట్ల పాత రకమైతే మరీ జాగ్రత్త, పనిముట్టు జారిందంటే గాటు అంచు ఎగిరిపోతుంది, ఆ తర్వాత దాన్ని విప్పే దారి ఉండదు. పనిముట్టును ఇరుసు నట్టుతో అదిమిపెట్టి, దాన్ని వైస్‌లో బిగించి, చక్రాన్నే రెండు చేతులతో పట్టుకుని ఎడమకు తిప్పు. టక్కుమని కదలగానే ఆగి, అదిమిపెట్టిన నట్టు వదులు చెయ్యి. ఆ ఉత్సాహంలో అలాగే తిప్పుకుంటూ పోతే ఊడి వస్తున్న ఫ్రీవీల్ ఆ నట్టును తోసి ఇరుసును పాడు చేస్తుంది.

క్యాసెట్ అని తేలితే అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. సైకిలు భాగాలు చేసే షిమానో కంపెనీ వాళ్లు 1978లో తమ క్యాసెట్ హబ్ తెచ్చినప్పుడు దానికి లాక్‌రింగ్, అంటే పళ్ల చక్రాలను చివరన బిగించి పట్టే మర రింగు, లేదు. చివరి చిన్న పళ్ల చక్రానికే లోపల మర ఉండేది. అదే బిగుసుకుని మిగతావాటిని పట్టి ఉంచేది. ఆ రకాన్ని యూనిగ్లైడ్ అంటారు. తర్వాత వచ్చిన హైపర్‌గ్లైడ్‌లో లాక్‌రింగ్ వేరే ముక్క. పళ్ల చక్రాలు ఎక్కి కూర్చునే గాడుల గొట్టాన్ని బాడీ అంటారు. నీ హబ్ మీద ఏ రకం బాడీ ఉందో తెలియాలంటే పళ్ల చక్రాలు తీసి దాని గాడులు చూడాలి. చుట్టూ ఉన్న గాడులన్నీ ఒకే వెడల్పున ఉంటే పాత యూనిగ్లైడ్. ఒక్కటి మాత్రం మిగతావాటితో పోలిస్తే తేడాగా ఉంటే హైపర్‌గ్లైడ్. వెలుతురులో, గుడ్డతో జిడ్డు తుడిచి మరీ చూడు. మురికి నిండిన గాడి నన్ను ఒకసారి నిండా మోసం చేసింది.

యూనిగ్లైడ్ బాడీ మీద ఈనాటి క్యాసెట్ ఉన్నదున్నట్టుగా ఎక్కదు. కొత్త పళ్ల చక్రాల లోపలి అంచున ఒక పన్ను వెడల్పుగా ఉంటుంది, దాన్ని ఆకురాయితో రాసి సన్నం చేస్తే ఎక్కుతాయి. చివరన మర ఉన్న పాత చిన్న చక్రం మాత్రం కావాల్సిందే, కాబట్టి అరిగిందని దాన్ని పారేయకు. ఇదంతా ఓపిక ఉన్నవాళ్ల పని. నన్నడిగితే బాడీనే మార్చడం మేలు. చాలా హబ్‌లలో అది లోపలి బోలు బోల్టుతో ఉంటుంది, 10 మిల్లీమీటర్ల అలెన్ కీతో విప్పవచ్చు. ఇరుసు, బేరింగ్ గుండ్లు అన్నీ బయటకు తీయాలి కనుక కింద పాత దుప్పటి పరుచుకో. దొర్లిపోయిన గుండు కోసం మంచం కింద దేవులాడటం నాకు అలవాటే.

ఇక పొడవు సంగతి. ఏడు గేర్ల బాడీ పొట్టిది. ఎనిమిది, తొమ్మిది, పది గేర్లవి ఒకే పొడవు. పొడవు బాడీ మీద ఏడు గేర్ల క్యాసెట్ వేయవచ్చు, వెనకాల 4.5 మిల్లీమీటర్ల స్పేసర్, అంటే ఖాళీ నింపే రింగు, పెడితే సరి. పొట్టి బాడీ మీద ఎనిమిది గేర్లవి వేయకూడదు. వేయకూడదని తెలియక నేను వేశాను. ఏడు చక్రాలు చక్కగా కూర్చున్నాయి, ఎనిమిదోది గాడుల అంచున వేలాడుతోంది. లాక్‌రింగ్ బిగిస్తే సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండు మరలు పట్టింది, నాకు సంబరం వేసింది. మొదటి ఎత్తు ఎక్కుతూ చిన్న గేరు వేసి లేచి తొక్కగానే ఆ చక్రం ఒక్కటే గిర్రున తిరిగింది, నా మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. బాడీ అంచు గాడులు కూడా నలిగిపోయాయి. రోడ్డు సైకిళ్ల పదకొండు గేర్ల క్యాసెట్ ఇంకా వెడల్పు, నీ పాత బాడీ మీద దాని ఆశ పెట్టుకోకు.

కొనేముందు హ్యాండిల్ దగ్గరి మీటను కూడా చూసుకో. అది క్లిక్ క్లిక్‌మంటూ మారే రకమైతే ఎన్ని గేర్లకు చేసిందో అన్ని గేర్ల క్యాసెట్టే వేయాలి. అడ్డూ అదుపూ లేకుండా జరిగే పాత మీటలైతే ఏదైనా ఒప్పుకుంటాయి, పాతవాటిలో నాకు నచ్చే గుణం అదే. ఉన్నదానికంటే చాలా పెద్ద పళ్ల చక్రం కూడా ఎంచుకోకు, వెనక డెరైల్యూర్, అంటే చైనును ఒక చక్రం నుంచి మరోదానికి జరిపే పరికరం, దాని మీదికి ఎక్కలేక రాసుకుంటుంది.

ఈలోగా చైను కొలువు. ఒక పిన్ను మధ్యన స్కేలు సున్నా పెట్టి పన్నెండు అంగుళాల దగ్గర చూడు. కొత్త చైనుకు సరిగ్గా అక్కడ పిన్ను ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చే వేళయింది. ఎనిమిదో వంతు జరిగితే అది పళ్లను కూడా తినేసి ఉంటుంది, క్యాసెట్ మార్చడం సరైన నిర్ణయమే, దానితో పాటు చైను కూడా మార్చు. పాత చైనును కొత్త పళ్ల మీద వేస్తే వాటినీ తొందరగా అరగదీస్తుంది.

బిగించేటప్పుడు బాడీ గాడులకు గ్రీజు పల్చగా రాయి. తడి కనిపిస్తే చాలు, పూత పూయనక్కర్లేదు. వెడల్పు పన్ను దాని గాడికి చేర్చుకుంటూ పెద్ద చక్రం నుంచి చిన్నదాని దాకా వేసుకుంటూ రా. మధ్యలో వచ్చే స్పేసర్లు పాతదాన్ని తీసిన వరుసలోనే ఉండాలి, తీసేటప్పుడే ఒక దారానికి గుచ్చి పెట్టుకో. చివరి చక్రం బాడీ అంచు కంటే వెంట్రుకవాసి బయటికే ఉండాలి. అది లోపలికి కుంగి ఉంటే లాక్‌రింగ్ వెళ్లి బాడీని తాకుతుంది, చక్రాలను పట్టుకోదు.

లాక్‌రింగ్ ముందు వేళ్లతో తిప్పు. మొదటి రెండు చుట్లు వేళ్లకే తేలిగ్గా రావాలి. మొరాయిస్తే మర అడ్డంగా పట్టిందని అర్థం, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టు. తర్వాత పనిముట్టు, పెద్ద పానా. 40 న్యూటన్ మీటర్లు అంటారు. కొలిచే పానా లేకపోతే గట్టిగా బిగించు. చివర్లో కటకటమని వినిపిస్తుంది, లాక్‌రింగ్ పళ్లు చక్రం అంచును కరిచే చప్పుడది. చెడిపోతోందని భయపడకు. పాతది విప్పేటప్పుడు మాత్రం గుత్తి వెనక్కి తిరిగిపోకుండా చైను విప్‌తో, అంటే చైను ముక్క తగిలించిన పిడితో, పట్టి ఉంచాలి. వేళ్లు పళ్ల వైపు ఉంచకు, పానా జారితే కణుపుల చర్మం అక్కడే మిగిలిపోతుంది.

అయ్యాక పళ్ల చక్రాలు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడు. గుత్తి లోపల ఏ చక్రమైనా విడిగా కదిలితే ఎక్కడో స్పేసర్ తగ్గింది. తర్వాత ముందు పెద్దది, వెనక పెద్దది వేసి చేత్తో పెడల్ తిప్పు. చైను బిగదీసుకుపోయిందంటే పొట్టిదయిందన్నమాట. డెరైల్యూర్ చువ్వల్లోకి పోకుండా ఆపేది దాని హద్దు స్క్రూ, దాన్ని సరిచూడకుండా బండి ఎక్కవద్దు.

ఇంకా ఏమీ కొనలేదు కదా? జిడ్డు తుడిచిన బాడీ ఫోటో ఒకటి, గాడులు స్పష్టంగా కనిపించేలా తీసి పంపు. స్కేలు పక్కన పెట్టి తియ్యి, పొడవు కూడా తెలియాలి.

ఆశీస్సులతో,
మీ మామయ్య