పొడి సంగతి వదిలేయండి, బాబును పిలిచి కూర్చోబెట్టుకోండి

ప్రశ్న: మాది ఉప్పల్. మా వారికి 44 ఏళ్లు, చర్లపల్లిలో ఉద్యోగం. ఒకప్పుడు దావత్‌లలోనే తాగేవారు. ఇప్పుడు పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, క్వార్టర్ పడితేగానీ నిలబడలేరు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని మానేస్తే రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. అపచారమని అత్తయ్య మాల తీయించారు. తెలియకుండా టీలో కలిపే పొడి ఉందట, మా అక్క తెప్పిస్తానంది. కలపొచ్చా? కింది పోర్షన్‌లో మరిది ఉన్నా, రాత్రి వైన్స్ నుంచి వారిని నడిపించుకొచ్చేది మా అబ్బాయే. ఆఫీసుకు జ్వరమని ఫోన్ చేసేదీ వాడే. పదో తరగతి. చాలా బుద్ధిమంతుడు.

జవాబు: కలపకండమ్మా. మందు పడనివ్వకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మాత్ర నిజంగానే ఉంది. కానీ డాక్టర్లు రోగికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. అది తెలియకుండా పెట్టినప్పుడు ఆయన తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు. ఆ పొడిలో అదుందో ఇంకేముందో మీ అక్కకూ తెలియదు.

ఫిట్స్ అయ్యప్ప కోపం కాదు. ఏళ్లుగా రోజూ తాగేవారి మెదడు మందుకు అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మనుషుల్ని పోల్చుకోలేని కలవరింత కూడా రావచ్చు. కాబట్టి ఇంట్లో ఉన్నపళంగా మాన్పించకండి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి, ఫిట్స్ వచ్చిన సంగతి మొదటే చెప్పండి. వణుకు, ఫిట్స్ రాకుండా మందులు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇచ్చి దగ్గరుండి మాన్పిస్తారు. తర్వాత తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మాత్రలు, కౌన్సెలింగ్. నెలల పని అది. దారి తోచకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది మీరు చివర్లో రాసిన ఆ 'బుద్ధిమంతుడు' అన్న మాట. పదిహేనేళ్ల పిల్లాడు రోజూ రాత్రి వైన్స్ ముందు నిలబడి తండ్రి కోసం వెతుక్కుంటున్నాడు. తెల్లారి పెద్దమనిషి గొంతు పెట్టి అబద్ధం ఆడుతున్నాడు. మీ ఆయన చేయాల్సిన పని, మీ మరిది చేయాల్సిన పని, మీరు నోరు తెరిచి చెప్పాల్సిన మాట, అన్నీ వాడి నెత్తిన పెట్టి బుద్ధిమంతుడని మెచ్చుకుంటున్నారు. పైగా ఈ వ్యసనం వచ్చే ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యమే. వాడిని ఆ గుమ్మానికి దూరంగా ఉంచాల్సింది పోయి మీరే పంపిస్తున్నారు.

మొగుడి పరువు గుట్టుగా కాపాడటం ఇల్లాలి ధర్మమని నాకూ నేర్పారు. కన్నబిడ్డ చేత అబద్ధం ఆడించి నిలబెట్టే పరువు నాకక్కర్లేదు, మీకూ అక్కర్లేదు.

ఆఫీసుకు ఆయన ఫోన్ ఆయనే చేసుకుంటారు. చేయకపోతే ఆ సెలవు ఎలా పడాలో అలాగే పడనివ్వండి. జీతం కోతపడితే మీకు కష్టమే, తెలుసు. అయినా ఆయన ఆసుపత్రి గడప తొక్కడానికి ఆ దెబ్బే కారణం కావచ్చు. అత్తయ్యతో, మరిదితో ఇవాళే మాట్లాడండి, సాయంత్రం దాకా ఆగొద్దు.

రాత్రి వాడు చెప్పులు వేసుకుంటుంటే ఆపి, 'నువ్వు చదువుకో నాన్నా, బాబాయ్ వెళ్తాడు' అనండి. 'పర్లేదమ్మా' అంటాడు. ఒప్పుకోకండి.