ముందు జట్టు, తర్వాత చానల్, ఆఖరున కంపెనీ

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఎంఎస్ చదువుతూ, ముగ్గురు స్నేహితులతో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాడు. ఆగస్టులో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లి సంక్రాంతి దాకా ఉండబోతున్నాం. కాలేజీ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట) మ్యాచ్‌లన్నీ ఇంట్లోనే చూడవచ్చంటూ నెలకు 83 డాలర్ల టీవీ ప్యాకేజీ తీసుకుంటానంటున్నాడు. ఇక్కడ మా కేబుల్ బిల్లు నెలకు మూడు వందలు దాటదు. అక్కడ ఒక్క ఆట కోసం ఏడు వేల రూపాయలకు పైగా కట్టవలసిందేనా? ఏ కంపెనీది తీసుకుంటే మేలు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: అక్కరలేదనే నా అభిప్రాయం. మీ అబ్బాయి చెప్పిన ధరను బట్టి అది ఇంటర్నెట్ ద్వారా టీవీ చానళ్లను అందించే యూట్యూబ్ టీవీ అనే చందా సేవ అయి ఉంటుంది. అది చెడ్డదేమీ కాదు. వందకు పైగా చానళ్లు వస్తాయి, ఒకేసారి మూడు తెరల మీద చూడవచ్చు. అయితే ఒక్క కాలేజీ జట్టు ఆటలు చూడాలనుకునే కుర్రాడికి ఆ వంద చానళ్లతో పని లేదు. మనకు 2019 నుంచి ట్రాయ్ నిబంధనల ప్రకారం కావలసిన పే చానల్‌ను విడిగా ఎంచుకుని, దాని ధర మాత్రమే కట్టే వీలుంది. అమెరికాలో అటువంటి నిబంధన లేకపోవడం వల్ల, ఆటల చానల్ కావాలన్నవారు ఇన్నాళ్లుగా వంటల చానల్‌కూ పాత సినిమాల చానల్‌కూ కలిపి కడుతూ వచ్చారు.

మన దేశంలో ఒక టోర్నమెంటు హక్కులు సాధారణంగా ఒకే సంస్థ చేతిలో ఉంటాయి కనుక, ఆ సంస్థ చానల్ ఏ ప్యాక్‌లో ఉందో అడిగితే సరిపోతుంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కు అటువంటి ఒక్క యజమాని లేడు. అక్కడి యూనివర్సిటీ జట్లు కాన్ఫరెన్సులు అనే కూటములుగా ఏర్పడి, ఒక్కో కూటమి తన ప్రసార హక్కులను విడివిడిగా అమ్ముకుంటుంది. 18 యూనివర్సిటీలున్న బిగ్ టెన్ కూటమి ఆటలు 2023 నుంచి ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీల మధ్య పంచబడి ఉన్నాయి. వాటికి తోడు బిగ్ టెన్ నెట్‌వర్క్, పీకాక్ అనే ఓటీటీ ఉన్నాయి. 16 యూనివర్సిటీలున్న ఎస్‌ఈసీ కూటమి మాత్రం 2024 నుంచి తన హక్కులన్నింటినీ డిస్నీ సంస్థకే ఇచ్చింది. ఆ ఆటలు ఏబీసీ, ఈఎస్‌పీఎన్, ఈఎస్‌పీఎన్ 2, ఎస్‌ఈసీ నెట్‌వర్క్ వంటి డిస్నీ చానళ్లలోనే వస్తాయి. టెక్సస్ ఏ అండ్ ఎం 2012 నుంచి ఎస్‌ఈసీలో ఉంది. మీ అబ్బాయి అదృష్టం కొద్దీ ఇది చిక్కు తక్కువ ఉన్న కూటమి. అతడు బిగ్ టెన్ జట్లున్న మిషిగన్‌లోనో ఒహాయోలోనో చదువుతూ ఉంటే ఈ జవాబు ఇంకా పొడవయ్యేది.

2025 ఆగస్టు నుంచి ఈఎస్‌పీఎన్ తన చానళ్లన్నింటినీ, కేబుల్ కంపెనీ ప్రమేయం లేకుండా, ఇంటర్నెట్ ద్వారా నేరుగా అమ్ముతోంది. ఈఎస్‌పీఎన్ అన్‌లిమిటెడ్ అనే ఆ చందాను నెలకు 29.99 డాలర్లతో మొదలుపెట్టారు. ఎస్‌ఈసీ నెట్‌వర్క్‌తో పాటు ఏబీసీలో వచ్చే ఆటలు కూడా అందులో ఉంటాయి. అంటే 83 డాలర్ల పని 30 డాలర్లతో అయిపోతుంది. నలుగురు పంచుకుంటే మనిషికి ఏడున్నర డాలర్లు. ఈ ధరలు మారుతూ ఉంటాయి కనుక కట్టే ముందు ఒకసారి సరిచూసుకోమనండి.

ఇక మిగిలింది యాంటెన్నా. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ అనే నాలుగు పెద్ద చానళ్లు అమెరికాలో నేటికీ గాలిలో ఉచితంగా ప్రసారమవుతాయని చాలామంది మన పిల్లలకు తెలియదు. మీ తరం వారు దూరదర్శన్ కోసం ఇంటి పైకప్పు మీద నిలబెట్టి, గాలి వీచినప్పుడల్లా తిప్పుతూ కూర్చున్న యాంటెన్నా వంటిదే ఇదీ. కాకపోతే ఇప్పుడది కిటికీకి అతికించుకునేంత పలచగా, ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతుంది, నెల చందా ఉండదు. ఇంటి చిరునామా ఇస్తే అక్కడ ఏ స్టేషన్ సిగ్నల్ ఎంత బలంగా అందుతుందో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లోని మ్యాపు చూపిస్తుంది; కొనే ముందు అది చూడటం మంచిది, ఎందుకంటే స్టేషన్ టవర్ దూరంగా ఉంటే కిటికీ యాంటెన్నా పని చేయకపోవచ్చు. దీని అవసరం ఎక్కడ పడుతుందంటే, జట్టు తన కూటమికి చెందనివారి మైదానానికి వెళ్లి ఆడినప్పుడు ప్రసార హక్కు సాధారణంగా ఆ మైదానం వారిదే అవుతుంది. 2025 సెప్టెంబర్ 13న ఏ అండ్ ఎం జట్టు నోటర్ డేమ్ యూనివర్సిటీకి వెళ్లి 41–40తో గెలిచిన ఆట ఎన్‌బీసీలో వచ్చింది. నోటర్ డేమ్ సొంతగడ్డ ఆటలు 1991 నుంచి ఆ చానల్‌వే. ఈఎస్‌పీఎన్ చందా మాత్రమే ఉన్నవారికి ఆ ఆట అందలేదు, యాంటెన్నా ఉన్నవారు పైసా కట్టకుండా చూశారు.

యాంటెన్నాకు ఇంకో సుగుణం ఉంది. ఇంటర్నెట్‌లో వచ్చే ఆట కొన్ని పదుల సెకన్లు ఆలస్యంగా వస్తుంది కనుక, పక్క అపార్ట్‌మెంట్‌లో యాంటెన్నాతో చూసేవారి కేకలు మీకంటే ముందే వినబడతాయి, వాట్సాప్‌లో స్కోరు ముందే వచ్చేస్తుంది. ఉత్కంఠ మీద నడిచే ఆటకు అది చిన్న నష్టం కాదు.

పెద్ద ప్యాకేజీ తీసుకోవద్దనడానికి నాకు ధర ఒక్కటే కారణం కాదు. చానల్ యజమానికీ, పంపిణీ చేసే కంపెనీకీ ఒప్పందం కుదరనప్పుడు చానళ్లు హఠాత్తుగా ఆగిపోతాయి, అదీ ఆటల సీజన్‌లోనే. డిస్నీ చానళ్లు 2023 ఆగస్టు ఆఖరున చార్టర్ కేబుల్‌లో, 2024 సెప్టెంబర్ 1న డైరెక్‌టీవీలో, 2025 అక్టోబర్ 30న యూట్యూబ్ టీవీలో ఆగిపోయాయి. మూడుసార్లూ దాదాపు రెండు వారాల్లోపే తిరిగి వచ్చాయి. వరుసగా మూడేళ్లు ఇలా జరగడం యాదృచ్ఛికమని నేననుకోను; ప్రేక్షకుడు ఎక్కువగా అల్లాడే కాలంలోనే బేరం గట్టిగా సాగుతుంది. కనుక ఏ చందా అయినా నెలవారీగానే తీసుకోమనండి. సీజన్ ఆగస్టు చివర మొదలై, 2024 నుంచి 12 జట్లతో జరుగుతున్న ప్లేఆఫ్ ఫైనల్‌తో జనవరిలో ముగుస్తుంది. ఆ ప్లేఆఫ్ ఆటలు ఈఎస్‌పీఎన్‌వే అయినా, 2024, 2025 సీజన్లలో తొలి రౌండులోని రెండేసి ఆటలు టీఎన్‌టీ చానల్‌కు వెళ్లాయి. ఆ రెంటి కోసం ఇంకో చందా కట్టాలా వద్దా అన్నది జట్టు అక్కడిదాకా వెళ్లాక ఆలోచించుకోవచ్చు. జనవరిలో ఫైనల్ అయిపోగానే చందా రద్దు చేయించవచ్చు.

తెలుగు చానళ్లు ఈ చందాలో రావు. మీ ఆవిడ గారి కోసం వాటిని విడిగా తీసుకోవలసి ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ డాలస్‌లో చదువుతోంది. వాళ్ల కాలేజీ ఫుట్‌బాల్ ఆటలు ఏ చానల్‌లో వెతికినా కనబడటం లేదట. ఏ కంపెనీ తీసుకోవాలి?
– ఒక తల్లి, నాగర్‌కర్నూల్

జవాబు: ఏ కంపెనీ తీసుకున్నా కనబడవమ్మా, ఆ యూనివర్సిటీకి ఫుట్‌బాల్ జట్టే లేదు. మన పిల్లలు ఎక్కువగా చేరే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆర్లింగ్టన్ కూడా తన జట్టును 1985 సీజన్‌తోనే రద్దు చేసుకుంది. టీవీలో టెక్సస్ అని కనబడేది ఆస్టిన్‌లోని యూనివర్సిటీ జట్టు. అమ్మాయికి ఆ జట్టు మీద మనసుంటే, అది 2024 జూలై నుంచి ఎస్‌ఈసీలోనే ఉంది కనుక పై జవాబే వర్తిస్తుంది. మనసు లేకపోతే ఆ డబ్బు మిగిలినట్టే.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. అన్నయ్య అమెరికా నుంచి తన యూట్యూబ్ టీవీ పాస్‌వర్డ్ ఇస్తానన్నాడు. వీపీఎన్ పెట్టుకుని ఇక్కడ చూడవచ్చా?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఆ సేవ అమెరికాలో మాత్రమే పని చేస్తుంది, ఫోన్ ఎక్కడుందో కూడా చూసుకుంటుంది. వీపీఎన్‌తో చోటు దాచి చూడటం వాళ్ల నిబంధనలకు విరుద్ధం; పట్టుబడితే ఇబ్బంది పడేది మీ అన్నయ్య ఖాతా. నేనైతే వద్దంటాను.

దానికి తోడు వేళలు కూడా చూడండి. శనివారం అమెరికా తూర్పు కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యే ఆట మనకు రాత్రి 9.30కు, మూడున్నరకు మొదలయ్యేది అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు, రాత్రి ఏడున్నర ఆట ఆదివారం తెల్లవారి 5 గంటలకు వస్తాయి. నవంబర్ మొదటి ఆదివారం అక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి కనుక, ఆ తర్వాత ఇవన్నీ మనకు ఒక గంట ఆలస్యమవుతాయి. ఒక్కో ఆట దాదాపు మూడున్నర గంటలు సాగుతుంది. హెచ్‌డీలో గంటకు సుమారు 3 జీబీ ఖర్చవుతుంది కనుక, రోజుకు 2 జీబీ వచ్చే మొబైల్ ప్యాక్ మొదటి గంట పూర్తి కాకముందే అయిపోతుంది. ఇంట్లో వైఫై లేనిదే ఈ ముచ్చట పెట్టుకోకపోవడం మంచిది.

ఇక్కడి చానళ్ల దగ్గరా ఓటీటీల దగ్గరా విదేశీ ఆటల హక్కులు ఏటేటా చేతులు మారుతూ ఉంటాయి. ఈ ఆట వస్తుందన్న ఆశతో ఏడాది ప్యాక్ కట్టవద్దు. ఆ వారం కార్యక్రమాల పట్టికలో మీకు కావలసిన ఆట పేరు కనబడితేనే, అదీ ఒక్క నెలకే కట్టండి. అంతవరకు కాన్ఫరెన్సులూ ఈఎస్‌పీఎన్ వంటి చానళ్లూ తమ అధికారిక యూట్యూబ్ చానళ్లలో ఉంచే ముఖ్యఘట్టాలను చూడండి. పది పన్నెండు నిమిషాల్లో ఆట సారమంతా అందులో ఉంటుంది, నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలన్న మూల నియమం కూడా అలా చూస్తూ చూస్తూనే పట్టుబడుతుంది. ఉద్విగ్నంగా సాగే ఆటను నేరుగానే చూడాలనిపిస్తే, రాత్రి తొమ్మిదిన్నర ఆటతో మొదలుపెట్టండి.