పిల్లని డాక్టర్‌కి చూపించేటప్పుడు ఏం చెప్పాలి, ఏం అడగాలి?

మీ పాపకి రెండేళ్లన్నారు, జ్వరమని తీసుకెళ్తే అయిదు నిమిషాల్లో చూసి పంపించేస్తున్నారు, అడగాల్సినవన్నీ బయటికొచ్చాకే గుర్తొస్తున్నాయి అన్నారు కదా, మా ఇంట్లోనూ ఇదే గొడవండి. మావాడికి చిన్నప్పట్నుంచీ నెమ్ము, దగ్గు, ఏదో ఒకటి ఉండేది కాబట్టి నాకు బాగా అలవాటైపోయింది, అందుకే రాస్తున్నా.

లోపలికెళ్లగానే డాక్టర్ అడిగేవి దాదాపు ఒకటే, జ్వరం ఎప్పట్నుంచి, ఎంత వచ్చింది, ఆఖరి డోసు ఎప్పుడేశారు, తాగుతోందా, యూరిన్ వెళ్తోందా. "ఒళ్లు కాలిపోతోందండీ" అంటే ఆయనకి ఏం తెలుస్తుంది చెప్పండి, "రాత్రి పదింటికి 102, అప్పుడు సిరప్ వేశాం, మళ్లీ తెల్లవారుజామున 101" అంటే వెంటనే అర్థమైపోతుంది. నేను ఫోన్ నోట్స్‌లో టైము, టెంపరేచరు, ఎన్ని ఎంఎల్ వేశానో రాసేస్తా. రాత్రి మావారు లేచి వేశారో లేదో తెలీక నేను మళ్లీ వేసేసే గొడవ కూడా ఉండదు.

ఇంకోటి, వీడియో. ఇంట్లో రాత్రంతా పక్కలెగరేస్తూ ఆయాసపడ్డవాడు, మందు పనిచేసేసరికి డాక్టర్ ముందు స్టెతస్కోపు పట్టుకుని లాగుతూ ఆడుకుంటాడు, మనమేదో కల్లబొల్లి కబుర్లు చెప్తున్నట్టుంటుంది. అందుకని చొక్కా పైకెత్తి, లైటేసి, పొట్టా ఛాతీ కనిపించేలా ఒక నిమిషం తీయండి. నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో ఆ నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టొచ్చు. ఏడాది దాటి అయిదేళ్ల లోపు పిల్లలకి 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50 ఉంటే, అది వేగంగా ఊపిరి తీసుకోవడం కిందే లెక్క, అదే రోజు చూపించాలి. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతుంటే మాత్రం లెక్కలూ వద్దు వీడియోలూ వద్దు, బయల్దేరిపోవడమే.

మందు సీసాలు కూడా పట్టుకెళ్లండి, పేరు చెప్తే సరిపోదు. పారాసెటమాల్‌లోనే 5 ఎంఎల్‌కి 120 ఎంజీ ఉన్న సిరప్ ఉంది, 250 ఉన్నదీ ఉంది, డ్రాప్స్ అయితే ఒక్క ఎంఎల్‌కే 100 ఉంటుంది. డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి, మామూలుగా కేజీకి 15 ఎంజీ దాకా వేస్తారు. అంటే 12 కేజీల పిల్లకి 180 ఎంజీ, మొదటి సిరప్‌లో అది ఏడున్నర ఎంఎల్, రెండోదాంట్లో మూడున్నర చిల్లర. షాపులో వేరే సీసా ఇచ్చినప్పుడు పాత లెక్కే వేస్తే ఏమవుతుందో చూడండి మరి. అందుకే "ఈ సీసాలో ఎన్ని ఎంఎల్" అని సీసా చూపించి అడగండి, కొత్తది రాస్తే మందు కొన్నాక వెనక్కెళ్లి నర్సుకైనా చూపించండి. వంటింటి స్పూన్‌తో కొలవద్దు.

గొంతు చూసేటప్పుడు ఒళ్లో కూచోబెట్టుకుని ఒక చేత్తో నుదురు, ఇంకో చేత్తో రెండు చేతులూ పట్టుకుంటే క్షణంలో అయిపోతుంది. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని బెదిరించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట, ఇక జన్మలో నోరు తెరుస్తారా ఆ పిల్లలు?

లేచొచ్చే ముందు రెండే అడగండి, ఎన్ని రోజుల్లో తగ్గాలి, ఏం కనిపిస్తే ఆగకుండా రావాలి. యాంటీబయాటిక్ రాయలేదేంటని మాత్రం పట్టుబట్టకండి, వైరల్ జ్వరానికి అది పనిచేయదు.

మొదటి రోజే తీసుకెళ్లాలా అన్నారుగా, నేనైతే నంబర్ కన్నా పిల్లనే చూస్తా. 102 ఉన్నా మందేశాక లేచి ఆడుతూ నీళ్లు తాగుతుంటే కాస్త చూడొచ్చు, 100 ఉన్నా మెడ వాల్చేసి పిలిస్తే పలక్కపోతే ఆగను. మూడు నెలల లోపు పసివాళ్లకి 100.4 వస్తే చాలు, వెంటనే వెళ్లాలి. ఎనిమిది గంటలైనా యూరిన్ రాకపోయినా, ఒంటి మీద నొక్కినా పోని ఎర్ర మచ్చలొచ్చినా అంతే. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి.